మనసులో బరువుకు సొంత మకుటం: ఆటవెలదిలో శతకం రాసుకోవడం ఎలా?

కడుపులో మాట దాచుకోలేనప్పుడు తెలుగు కవులు ఎవరో ఒకరిని పేరుపెట్టి పిలిచి మరీ చెప్పుకున్నారు. రాజుల కొలువు మీద రోతనంతా ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుడి ముందు వెళ్లగక్కాడు. కాసుల పురుషోత్తమకవి కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రదేవుణ్ణి పొగుడుతున్నట్టే పొగుడుతూ దెప్పిపొడిచాడు. ప్రతి పద్యం చివరా వచ్చే ఆ పిలుపే మకుటం. అలాంటి పద్యాలు వందో, నూట ఎనిమిదో అయితే శతకం.

దుఃఖమో, కోపమో, ఒంటరితనమో కాగితం మీద పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా వచన కవితతో మొదలుపెడతారు. తప్పేమీ లేదు. కాకపోతే ఎక్కడ ఆపాలో తెలియక పేజీలు నిండుతాయి, బరువు మాత్రం దిగదు. ఆటవెలది ఒక పద్య ఛందస్సు, దానికి నాలుగే పాదాలు. నాలుగో పాదం మకుటం కాబట్టి అది ముందే సిద్ధంగా ఉంటుంది. రోజుకు మూడు పాదాలు రాస్తే చాలు. పైగా వేళ్ల మీద గణాలు (పాదంలోని అక్షరాల గుంపులు) లెక్కపెడుతుంటే ఏడుపు కూడా కాసేపు ఆగి చూస్తుంది.

ముందు పిలుపు తేల్చుకోండి

ఎవరితో చెప్పుకుంటున్నారు? పోయిన నాన్నతోనా, మాట్లాడటం మానేసిన స్నేహితురాలితోనా, మీ మనసుతోనా? "లోకం"తో చెప్పుకోవద్దు. అది ఉపన్యాసం అయిపోతుంది. ఒక్కరిని ఎంచుకుని, వాళ్లను ఇంట్లో ఎలా పిలుస్తారో ఆ పిలుపుతోనే మకుటం కట్టండి. మకుటానికి ఐదు సూర్యగణాలు కావాలి (అవేమిటో కింద చూద్దాం). నమూనాకు రెండు:

నాన్న! నీకె తెలుసు నాదు మనసు
మాట వినవె మనస మౌనమేల

మకుటం కుదరడానికి రెండు మూడు రోజులు పట్టినా పట్టనివ్వండి. వంద సార్లు పలకాల్సిన మాట అది.

పది నిమిషాల వచనం

పద్యంతో మొదలుపెట్టకండి. గడియారం చూసుకుని పది నిమిషాలు, వ్యాకరణం పట్టించుకోకుండా, మనసులో ఉన్నదంతా మామూలు మాటల్లో రాయండి. తర్వాత ఆ కాగితంలో కంటికి కనపడే, చేతికి తగిలే వస్తువుల కింద మాత్రమే గీత గీయండి. చెప్పులు, మందుల డబ్బా, ఆగిపోయిన గోడ గడియారం, ఇలాంటివి. బాధ, వేదన, శూన్యం అన్న మాటల కింద గీత వద్దు. గీత పడ్డవాటిలో ఒక్కదాన్నే తీసుకోండి. ఆ రోజు పద్యం దాని మీదే.

రాయడం ముగిసిన వెంటనే మనసు తేలికపడకపోతే కంగారు పడొద్దు. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమ గాయాల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది. మేలు కనిపించింది తర్వాతి నెలల్లోనే. అందుకే నిద్రపోయే ముందు కాకుండా, రాశాక చేయడానికి ఇంకో పని మిగిలి ఉండే వేళ చూసుకోండి.

గణాలు: కావాల్సినంత మేరకే

దీర్ఘాక్షరం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువు (గ). మిగిలిన పొట్టి అక్షరాలు లఘువులు (ల). "అమ్మ" అంటే గల, "గడప" అంటే లలల. సూర్యగణాలు ఈ రెండే.

ఇంద్రగణాలు ఆరు: లలలగ (పలకవా), లలగల (చిరునవ్వు), లలలల (పరుగులు), గలల (కన్నులు), గలగ (తీయగా), గగల (ఊరంత).

1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. అంటే హల్లులూ ఒక జట్టువి కావాలి (క–గ, త–ద, ప–బ ఇలా), అచ్చులూ ఒక జట్టువి కావాలి. అచ్చుల జట్లు: అ ఆ ఐ ఔ, ఇ ఈ ఎ ఏ, ఉ ఊ ఒ ఓ. యతి కుదరనప్పుడు ప్రాసయతి వాడుకోవచ్చు. ఆ రెండు చోట్లా రెండో అక్షరంలో హల్లు ఒకటే అయి, దాని ముందు అక్షరం రెండుచోట్లా గురువో, రెండుచోట్లా లఘువో అయితే సరి. పాదాల మధ్య ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావడం) అక్కర్లేదు. కొత్తవాళ్లకు ఆటవెలది కలిసొచ్చేది ఇక్కడే.

"విశ్వదాభిరామ వినురవేమ" తీసుకోండి: విశ్వ | దాభి | రామ | వినుర | వేమ. ఐదు సూర్యగణాలు, వి–వి యతి. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన ఈ నడకను నాలుగుసార్లు పైకి అనుకుని కూర్చుంటే లెక్కలో సగం పని చెవే చేసేస్తుంది.

ఒక పద్యం కడదాం

వచనంలో ఇలా రాసుకున్నారనుకోండి: "నాన్న పోయి నెల దాటింది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు దుమ్ము పట్టి అలాగే ఉన్నాయి. ఎవరికీ తీయడానికి చేతులు రావట్లేదు."

చాలామంది మొదట రాసేది ఇలాంటి పాదం:

బాధ గుండెలోన బరువుగానున్నది

గణాలు సరిపోయాయి, యతీ కుదిరింది. కవిత్వం లేదు. ఈ పాదం ఎవరి గురించైనా కావచ్చు, ఏ బాధైనా కావచ్చు. చెప్పుల దగ్గరికి వెళ్దాం.

"గుమ్మం"లో రెండూ గురువులే. సూర్యగణంలో ఇమడదు. "గడప" (లలల) చక్కగా కూర్చుంటుంది. గ–కి యతి కావాలి కాబట్టి నాలుగో గణం "కా"తో ఎత్తుకుంటే "కాలిచెప్పులు" తనంతట తానే వచ్చింది. రెండో పాదం "దుమ్ము"తో మొదలైతే "దు"కు "తొ" సరిపోతుంది (ద–త ఒక జట్టు, ఉ–ఒ ఒక జట్టు).

గడప పక్క పాత కాలిచెప్పులజత
దుమ్ము పట్టి కూడ తొలగలేదు
తీయ చేయి రాదు, తిరిగి వస్తావేమొ
నాన్న! నీకె తెలుసు నాదు మనసు

మూడో పాదాన్ని విరిస్తే: తీయ | చేయి | రాదు | తిరిగివ | స్తావేమొ. "స్తా" ఒత్తు వల్ల దాని ముందున్న "వ" గురువైంది. చివర "వేమో" అని దీర్ఘం తీస్తే మూడు గురువులు పడి గణం చెడుతుంది. అందుకే "వేమొ". ఏడుపన్న మాట ఎక్కడా లేకపోయినా "వస్తావేమొ" దగ్గర గొంతు పట్టుకుంటుంది.

ఎక్కడెక్కడ చెడుతుంది

సంధి దగ్గర అందరూ జారుతారు. "చెప్పులు ఇక్కడ" అని విడగొట్టి గణాలు లెక్కపెడితే కుదరదు. పద్యంలో అది "చెప్పులిక్కడ" అవుతుంది, ఒక లఘువు మాయమవుతుంది. నాలుగో గణం అచ్చుతో మొదలైతే యతి కూడా తారుమారవుతుంది. మొదటి పాతిక పద్యాల వరకు పాదం నడుమ హల్లుతో మొదలయ్యే మాటలే వాడుకోండి, తలనొప్పి తప్పుతుంది.

గణం నింపడానికి "గదా", "మరి", "నిజము" తెచ్చి కుక్కడం ఇంకో జబ్బు. మాట తీసేసినా అర్థం మారకపోతే అది కూరలో నీళ్లే. పాదం మొదటి మాట మార్చి మళ్లీ ఎత్తుకోండి. సగం సార్లు మొదటి మాట మారిస్తేనే యతి దారి ఇస్తుంది. ఇంట్లో ఎవరూ అనని "మదీయ", "హృదంతరము" లాంటివి మాత్రం వద్దు. నాన్నతో అలా మాట్లాడరు కదా.

రాయడానికి గీతల నోటుబుక్కు, కుడిపేజీలో పద్యం, ఎడమపేజీలో వచనం, పైన తేదీ. అంతే.

కోపంతో, బతికున్న మనిషి మీద రాసిన పద్యాన్ని వారం దాకా ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. ఒకే సంగతి మీద వరుసగా నాలుగైదు రోజులు రాస్తున్నా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం ఎక్కువవుతుంటే రాయడం ఆపి మనిషితో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

పాతిక, ముప్ఫై పద్యాలయ్యాక మకుటం నోటికి ఉత్త ఊతపదంలా అనిపించడం మొదలవుతుంది. మొదటి మూడు పాదాల్లో ప్రశ్న ఉంటే మకుటం జవాబులా వినపడుతుంది, ఫిర్యాదు ఉంటే దెప్పినట్టు వినపడుతుంది. ఆ మలుపు మారుస్తూ ఓ పది పద్యాలు చూడండి. అప్పటికీ పలకబుద్ధి కాకపోతే నూటెనిమిది పూర్తి చేయాలన్న పంతం వద్దు. అక్కడితో గీత గీసి, ఇంకో మనిషిని పిలిచే కొత్త మకుటం వెతుక్కోండి.