గిటార్ ప్రీయాంప్ పాఠాలు - 3వ భాగం: బేస్, మిడిల్, ట్రెబుల్

పోయిన భాగంలో బ్యాటరీ, కేబుల్, వాల్యూమ్ దాకా వచ్చి ఆగాం. ఇవాళ మీ అకూస్టిక్ గిటార్ పక్కన బిగించిన ఆ నల్ల ప్యానెల్, అదే ప్రీయాంప్, దాని మీది మిగతా నాబ్‌ల సంగతి చూద్దాం: బేస్ అంటే కింది బరువైన శబ్దాలు, మిడిల్ అంటే నడిమివి, ట్రెబుల్ అంటే పైన ఉండే సన్నటివి. ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌ల లెక్క వేరు, చాలావాటిలో అన్నీ సగంలో పెట్టినా మిడిల్‌లో గుంట పడే ఉంటుంది, కాబట్టి ఇది అక్కడ అప్పజెప్పకండి.

ముందు నా తప్పు చెప్తాను. కొత్తలో ఇంట్లో కూర్చుని బేస్ పైకి, ట్రెబుల్ పైకి, మిడిల్ పూర్తిగా కిందికి పెట్టుకుని ఆహా అనుకునేవాణ్ణి. ఒక పెళ్లి రిసెప్షన్‌లో అదే సెట్టింగ్‌తో ఎక్కితే ఇంట్లో పులి వీధిలో పిల్లి అయింది. కింద ఉన్న చోటంతా బేస్ గిటార్, కిక్ డ్రమ్ లాగేసుకున్నాయి, పైన సింబల్స్, మధ్యలో నేను ఉండాల్సిన చోటు నేనే ఖాళీ చేసి పెట్టా. వినపడట్లేదని సౌండ్ అతను లెవెల్ పెంచాడు, గిటార్ బూఁ అని మూలగడం మొదలెట్టింది.

ఆ మూలుగు ఎక్కడిదంటే, గిటార్ పెట్టెలోని గాలి ఎక్కువ గిటార్లలో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఊగుతుంది. 5వ తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే 110. అందుకే ఆ తీగ దగ్గర స్పీకర్ శబ్దం మళ్లీ పెట్టెను ఊపి, అది మళ్లీ పికప్‌లోకి (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) వచ్చి గిరగిరా తిరుగుతుంది.

ఇప్పుడు గిటార్ తీయండి. అన్ని నాబ్‌లూ సరిగ్గా నడిమధ్యన పెట్టండి, చాలావాటిలో అక్కడ వేలికి చిన్న గాడి తగులుతుంది. అంటే పెంచడమూ లేదు, తగ్గించడమూ లేదు. జీ కార్డ్ ఒకే తీరుగా స్ట్రమ్ చేస్తూ బేస్‌ని మెల్లగా తగ్గించండి. సౌండ్ పల్చబడింది అనిపించిన చోట ఆగి, ఒక వెంట్రుకవాసి వెనక్కి రండి. అంతే, బేస్ అయిపోయింది.

అసలు పని మిడిల్‌తో. తీగలు ఆనుకునే తెల్ల పుల్ల, అదే శాడిల్, దాని కింద ఉన్న పియెజో పికప్ అక్కడి ఒత్తిడిని పట్టుకుంటుంది కానీ మన చెవిలా గాలిలోని శబ్దాన్ని వినదు. అందుకే గట్టిగా మీటితే రేకు డబ్బా మీద గోరుతో కొట్టినట్టు ఒక 'టక్' వస్తుంది. మీ ప్రీయాంప్‌లో మిడిల్‌కి తోడు ఫ్రీక్వెన్సీ నాబ్ కూడా ఉంటే అదృష్టవంతులు: మిడిల్ బాగా పెంచి ఫ్రీక్వెన్సీ తిప్పుతూ పోండి, చాలా గిటార్లలో 1, 2 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో ఆ టక్ చెవిలో గుచ్చుతుంది. దొరికిందా? ఫ్రీక్వెన్సీ అక్కడే ఉంచి, ఇప్పుడు మిడిల్‌ని సగం కన్నా కాస్త కిందికి దించండి. కాస్త అంటే కాస్తే, నాలాగా మొత్తం దించకండి. ఒక్క మిడిల్ నాబే ఉన్నవాళ్లు ఒంటరిగా వాయించేటప్పుడు కొంచెం తగ్గించి, బ్యాండ్‌తో ఉంటే మళ్లీ మధ్యకి తెచ్చేయండి.

ట్రెబుల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొత్త తీగలకి తగ్గించండి, పాతబడ్డవాటికి పెంచే బదులు తీగలు మార్చండి.

మూలుగు ఇంకా వస్తుంటే ముందు ఫేజ్ బటన్ నొక్కి చూడండి. అది సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది, కొన్ని గదుల్లో నొక్కితే నయం, కొన్నింటిలో నొక్కకపోతేనే నయం. తర్వాత నాచ్, అంటే ఒక్క సన్నటి ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసేసే నాబ్: మూలుగు అప్పుడే మొదలయ్యేంత వరకు వాల్యూమ్ పెంచి, అది చటుక్కున ఆగే దాకా నాచ్ తిప్పి, వెంటనే వాల్యూమ్ తగ్గించండి.

ఒక చిక్కుంది. గిటార్ ఒళ్లో ఉన్నంతసేపూ మీకు స్పీకర్ కన్నా గిటారే ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి ఈ వారం అభ్యాసం: ఫోన్‌ని స్పీకర్‌కి ఎదురుగా గదికి అవతలి చివర పెట్టి రికార్డ్ చేయండి. ఒకటి అన్నీ మధ్యలో, ఒకటి మీరు సరిచేసిన సెట్టింగ్, ఒకటి నా రిసెప్షన్ సెట్టింగ్. మూడూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, నాబ్‌లు ఎక్కడున్నాయో ఫొటో తీసి ఉంచుకోండి. వచ్చే భాగంలో ఇదే గిటార్‌ని మిక్సర్‌కి తగిలిస్తాం, ఆ ఫొటో అక్కడ కావాలి.