చలికాలంలో సైకిల్‌పై ఆఫీసుకా? బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

స్వెటర్ సంగతి ఎవరైనా చూసుకుంటారు. మర్చిపోయేవి ఇవి.

ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు: అన్నిటికన్నా ముఖ్యం. పొగమంచులో ముదురు రంగు జాకెట్ వేసుకున్న మనిషి డ్రైవరుకు కనిపించడు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రే చార్జింగ్ పెట్టేయండి.

చీలమండలకు రిఫ్లెక్టివ్ పట్టీలు: తొక్కుతుంటే పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి ఇట్టే కంటపడతాయి.

గ్లవ్స్: వేళ్లు మొద్దుబారితే బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. మరీ మందంగా ఉన్నా అదే ఇబ్బంది. వేసుకుని బ్రేక్ నొక్కి చూశాకే కొనండి.

ఒంటికి ఆనుకునే బట్ట కాటన్ వద్దు: చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే వణుకు మొదలవుతుంది. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ మేలు. పైన గాలి చొరని పల్చటి జాకెట్ చాలు. మొదటి ఐదు నిమిషాలు కాస్త చలేసిందంటే సరిగ్గా వేసుకున్నట్టే!

హెల్మెట్ కింద పల్చటి టోపీయే: మందపుదైతే హెల్మెట్ కుదురుగా కూర్చోదు.

వేలాడే మఫ్లర్ వద్దు. చక్రంలో చిక్కుకుంటుంది.

బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు వేయకండి: రక్తం సరిగ్గా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి.