ఎండలు ముదరకముందే రీఫ్ ట్యాంకుకు చేసుకోవాల్సినవి

రీఫ్ ట్యాంకు అంటే సముద్రపు నీటిలో పగడాలను, చేపలను పెంచే అక్వేరియం. అందులోని పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 29 దాటి రోజుల తరబడి నిలిస్తే ఒత్తిడి మొదలవుతుంది. 31 దగ్గర తమ కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలను (కంటికి కనిపించని నాచును) బయటికి నెట్టేసి తెల్లబడిపోతాయి. ఏప్రిల్ మధ్యాహ్నం తలుపులు మూసిన గదిలో నీరు ఈ అంకె అందుకోగలదు. అందుకే సిద్ధపడాల్సింది మార్చిలోనే.

అన్నిటికన్నా ముందు ఆక్సిజన్ సంగతి చూడండి. 25 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీలకు అది 6.2కు పడిపోతుంది. తేడా కొంచెమే అనిపిస్తుంది గానీ, అదే వేడికి చేపలకూ బాక్టీరియాకూ కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. లైట్లు ఆరాక శైవలాలు కూడా ఆక్సిజనే వాడుకుంటాయి. కాబట్టి వేసవిలో రాత్రిపూట పోయే కరెంటు పగటి కోత కన్నా ప్రమాదం. చేపలు ఊపిరాడక పోయేది ఎక్కువగా తెల్లవారుజామునే.

కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా ఉండాలి. దాన్ని నీటిమట్టం కన్నా పైన తగిలించండి, లేకపోతే గొట్టంలోంచి నీరు వెనక్కి కారుతుంది. ఇన్వర్టర్ ఉంటే దాని మీద పెట్టాల్సింది ఒక్క వేవ్‌మేకర్ (ట్యాంకులో నీటిని తిప్పే చిన్న పంపు), అదీ నీటి పైపొరను కదిలించేలా. లైట్లు, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) దాని మీద పెట్టొద్దు. రెండు రోజులు లైటు లేకపోయినా పగడాలకు నష్టం లేదు. ఇంట్లో ఫ్యాన్లూ అదే బ్యాటరీ మీద నడుస్తుంటే ట్యాంకుకు మిగిలేది ఎంతసేపో ఓ ఆదివారం మెయిన్ ఆపి చూసుకోండి. ఆ పరీక్షలోనే సంప్‌ను (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టిని) కూడా గమనించండి. సంప్ నుంచి నీటిని పైకి తెచ్చే రిటర్న్ పైపుకు, నీరు వెనక్కి లాగకుండా ఆపే సైఫన్ రంధ్రం ఉంటుంది. అది నత్తతోనో గులాబీ రంగు గట్టిపొరతోనో మూసుకుపోయి ఉంటే రిటర్న్ పైపు మూతి దాకా ట్యాంకు నీరు సంప్‌లోకి దిగి నేల మీద పొర్లుతుంది.

చల్లబరచడానికి చవకైన మార్గం సంప్ నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాన్. హైదరాబాదు పొడి ఎండలో ఇది రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో నీరు అంతగా ఆవిరి కాదు, ఫ్యాన్‌ను నమ్ముకోవడం కష్టం, చిల్లరే దారి. చిల్లర్‌ను స్టాండు లోపల బిగిస్తే అది వదిలే వేడి మళ్లీ నీటిలోకే చేరుతుంది, గాలి ఆడే చోట పెట్టాలి. లైట్లను సాయంత్రం 5 నుంచి రాత్రి 12 వరకు మార్చుకోండి. పగడాన్ని తెల్లబరిచేది వేడి ఒక్కటే కాదు, వేడికి తోడైన బలమైన వెలుతురు.

ఫ్యాన్ పెట్టారంటే ఉప్పదనం మీద కన్ను వేయాలి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 6 లీటర్లు పోయాయనుకోండి. టాప్-అప్ (ఆవిరైనంత మంచినీరు తిరిగి పోయడం) లేకుండా మూడు రోజులు ఊరెళితే 35 పీపీటీ (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు) ఉన్న నీరు 38.5 అవుతుంది. ఆటో టాప్-అప్ పెట్టినా డబ్బా మాత్రం చిన్నదే ఉంచండి. నీటిమట్టం చూసి పోత ఆపే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుంటే 10 లీటర్ల డబ్బా ఉప్పదనాన్ని 33 దాకా దించుతుంది, పగడాలు తట్టుకుంటాయి. అదే 50 లీటర్ల డబ్బా అయితే 28కి పడిపోతుంది, అది తట్టుకోలేవు.

టాప్-అప్‌కు వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు పనికిరావు. రుచి కోసం అందులో ఖనిజాలు కలుపుతారు. ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టుకునే పూసలు) కూడా దాటి, టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) సున్నా చూపించాలి. వేసవిలో బోరు అడుగంటి ట్యాంకరు నీళ్లు వస్తుంటే లోడుకో రకంగా ఉంటాయి, ప్రతిసారీ కొలవండి. 40 లీటర్ల ఉప్పునీరు మూత ఉన్న డ్రమ్ములో ముందే కలిపి ఉంచుకోండి. నీళ్లలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా పేరుకుపోతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూడండి, మంచినీళ్లతో సున్నా చేస్తే సరిపోదు.

అన్నీ చేసినా ఒకరోజు దెబ్బ తగలవచ్చు. అప్పుడు చాలామంది మొదట మందు సీసా అందుకుంటారు, అదే అసలు నష్టం. ముందు నీటి పైపొరను కదిలించండి. చచ్చిన చేప, కుళ్లిన ఎనిమోన్ (పువ్వులా ఉండే సముద్రజీవి) ఉంటే తీసేయండి. తర్వాత వేడి సంగతి: మూత బిగించి గడ్డకట్టించిన నీళ్ల సీసాలు సంప్‌లో తేల్చండి, గంటకు ఒక డిగ్రీ మించి దించకండి. అమ్మోనియా కనిపిస్తే 25 శాతం నీరు మార్చండి. వేడి నీటిలో దాని విషం పెరుగుతుంది, ఆలస్యం వద్దు. పెరిగిన ఉప్పదనాన్ని రెండు మూడు రోజుల మీద దించండి. ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల కొలత, డీకేహెచ్‌లలో చెబుతారు) 6.5కు పడి ఉంటే రోజుకు 0.5 డీకేహెచ్ చొప్పున పెంచండి, ఒక్కరోజులో 9కి లాగితే కొమ్మల కొసలు కాలిపోతాయి. కరెంటు లేక గంటల తరబడి ఆగిన కానిస్టర్ ఫిల్టర్‌ను (మూసిన డబ్బాలాంటి వడపోత పరికరాన్ని) మాత్రం అలాగే ఆన్ చేయకండి. అందులో మురిగిన నీరు పారబోసి, మీడియాను (లోపలి వడపోత సామగ్రిని) ఉప్పునీటితో కడిగాకే పెట్టండి.

తెల్లబడ్డ పగడాన్ని పారేయొద్దు. లైటు సగానికి తగ్గించి, వారానికి రెండుసార్లు కొద్దిగా మేత పెడితే నెలల్లో రంగు తిరిగి రావచ్చు. టార్చి వేసి దగ్గరగా చూడండి: అస్థిపంజరం మీద పలుచని పారదర్శక పొర మెరుస్తూ, రాత్రి పాలిప్స్ (పగడం మీది చిన్న చిన్న జీవులు) బయటికి వస్తుంటే అది బతికే ఉంది. పొర ఊడి, అస్థిపంజరం మీద పచ్చని నాచు మొలిచిన చోటు చచ్చిపోయినట్టే. అక్కడికి కొమ్మ విరిచి, మిగిలిన భాగాన్ని కాపాడుకోండి.