టీచర్లకు సోషల్ మీడియాలో వచ్చే ఇబ్బందులు: కారణాలు, సరిచేసుకునే దారులు

హైదరాబాద్‌లో ఇప్పుడు టీచర్ ఉద్యోగం అంటే బడితో పాటు ఫోన్ కూడా. పేరెంట్స్ గ్రూపు, స్టాఫ్ గ్రూపు, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) గ్రూపు, కొందరికి యూట్యూబ్ చానల్, ఇంకొందరికి బ్లాగు. ఇవన్నీ మానేసి హాయిగా ఉండమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను ఆ మాట అనను. ఒక సబ్జెక్టుకు ఒక్కరే టీచర్ ఉన్న చిన్న బడిలో, తన పాఠం గురించి మాట్లాడుకోవడానికి ఇంకో మనిషి దొరికేది ఇక్కడే. కాకపోతే వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే: ఒకరి కోసం పెట్టిన మాట ఇంకొకరి కంట పడటం. కింద చెప్పే సమస్యల్లో ఏది మీది అయినా ముందు అక్కడే వెతకండి.

రాత్రి పదకొండైనా పేరెంట్స్ గ్రూపు ఆగదు

"మేడమ్, రేపు డ్రాయింగ్ బుక్ తేవాలా?" అని ఒకరు అడుగుతారు. మీరు "అవసరం లేదండీ" అంటారు. దాని కింద వరసగా "ఓకే మేడమ్"లు, గుడ్ నైట్ బొమ్మలు, మధ్యలో ఓపెన్ ప్లాట్ల ప్రకటన ఒకటి. మీ జవాబు ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. పదకొండున్నరకి ఇంకొకాయన అదే ప్రశ్న వేస్తారు. పొద్దున్నే "మేడమ్ రిప్లై ఇవ్వలేదు" అని హెచ్ఎం (హెడ్ మాస్టర్) దగ్గర ఫిర్యాదు.

గ్రూపు పెట్టినప్పుడు అందరూ రాయగలిగేలా ఉంటుంది, తర్వాత దాన్ని ఎవరూ మార్చరు. పైగా మనం ఒకసారి రాత్రి పదింటికి జవాబిస్తే, ఆ టైమ్‌లో అడగొచ్చని అందరికీ అర్థమైపోతుంది.

గ్రూప్ సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి. చెప్పాపెట్టకుండా మూసేస్తే తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, కాబట్టి ఎందుకు మారుస్తున్నారో ఒక రోజు ముందే చెప్పండి. సందేహాలకు ఒక గంట కేటాయించి, ఆ సంగతి గ్రూప్ డిస్క్రిప్షన్‌లో రాసి పెట్టండి. ఆ గంట దాటాక వచ్చినదానికి, అత్యవసరమైతే తప్ప, మర్నాడే జవాబు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో పని వేళలు పెట్టుకుంటే మిగతా సమయంలో దానంతట అదే జవాబు వెళ్తుంది. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో ఒకే వాట్సాప్‌లో రెండు నంబర్లు నడుస్తాయి కనుక బడి కోసం వేరే సిమ్ తీసుకోవడం నా దృష్టిలో అనవసర ఖర్చు కాదు.

రోజూ పెట్టే మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"6బి. రేపు బుధవారం లెక్కల నోట్‌బుక్, స్కేలు తేవాలి. ఫీజు గురించి ఆఫీసులో అడగండి. సందేహాలు ఉంటే సాయంత్రం 5 నుంచి 6 లోపు రాయండి."

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. ఒకే క్లాసులో తెలుగు ఇల్లు, ఉర్దూ ఇల్లు, హిందీ ఇల్లు, బిల్డింగ్ పనికి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ల ఇల్లు ఉంటాయి. ఇంగ్లిష్ సర్క్యులర్‌ని ఫోటో తీసి పెడితే బోరబండలోనో యాకుత్‌పురాలోనో ఉన్న తల్లి దాన్ని పక్కింటి పిల్లాడి చేత చదివించుకుంటుంది. అర నిమిషం వాయిస్ మెసేజ్ తెలుగులో ఒకటి, ఉర్దూలోనో హిందీలోనో ఒకటి పెట్టండి. మీకు రాకపోతే స్టాఫ్‌లో వచ్చినవాళ్లు ఉంటారు. "చెప్పాం కదా, చూసుకోలేదు" అనే గొడవలు బాగా తగ్గుతాయి.

తల్లుల ఫోన్ నంబర్లు గ్రూపులో అందరికీ కనబడటం వల్ల తెలియని మెసేజ్‌లు వస్తున్నాయన్న ఫిర్యాదు కూడా వింటాం. దీనికి వాట్సాప్ కమ్యూనిటీలో ఉండే అనౌన్స్‌మెంట్ గ్రూపు నయం. అక్కడ ఒకరి నంబర్ ఇంకొక పేరెంట్‌కి కనబడదు.

మార్కులు పెట్టాక ఒక పేరెంట్ మాట్లాడటం మానేశారు

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్షల) మార్కుల రిజిస్టర్ ఫోటో గ్రూపులో పెడతారు, పని తొందరగా అయిపోతుందని. తక్కువ వచ్చిన పిల్లాడి సంగతి ఆ రాత్రికే అపార్ట్‌మెంట్ అంతా తెలుస్తుంది. ఆ పిల్లాడు మర్నాడు బడికి రాడు. ఒక్కొక్కరికీ విడిగా పంపండి, లేదా ప్రోగ్రెస్ కార్డు చేతికివ్వండి. క్లాసులో నలభై మంది ఉంటే టైమ్ పడుతుంది, నిజమే. అయినా ఈ ఒక్క విషయంలో టైమ్ ఆదా చేయకండి.

"మా అమ్మాయి ఫోటో తీసేయండి" అని ఫోన్ వచ్చింది

బతుకమ్మ రోజు తీసిన ఫోటో. పిల్లలంతా ముచ్చటగా ఉన్నారు. బడి ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు, వంద లైకులు వచ్చాయి. సాయంత్రానికి ఒక తండ్రి గట్టిగా మాట్లాడుతూ ఫోన్ చేశారు. టీచర్‌కి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, మంచి పనే చేశాం కదా అని.

ఆ ఇంట్లో ఏముందో మనకు తెలియదు. భార్యాభర్తలు విడిపోయి, పిల్ల ఏ బడిలో చదువుతోందో అవతలివాళ్లకు తెలియకూడదని అనుకుంటూ ఉండొచ్చు. ఆ ఫోటోలో ఏం కనబడుతోందో ఒకసారి దగ్గరగా చూడండి: మెడలో ఐడీ కార్డు మీద పేరు, తరగతి, వెనక గోడ మీద బడి పేరు, పక్కన బస్సు మీద రూట్ నంబర్. ఆ పిల్లను బయట ఎక్కడ కలవాలో తెలియనివాడికి కూడా చెప్పేసే ఫోటో అది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. జువెనైల్ జస్టిస్ చట్టం కిందకు వచ్చే పిల్లల విషయంలోనూ అంతే. "పాపం, సాయం చేయండి" అంటూ మంచి మనసుతో పెట్టే పోస్టులు సైతం ఇందులో చిక్కుకుంటాయి.

అడ్మిషన్ సమయంలోనే ఒక పేజీ సమ్మతి పత్రం తీసుకోండి. "ఫోటోలు వాడుకోవచ్చు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. బడి నోటీసు బోర్డుకు, పేరెంట్స్ గ్రూపుకు, బయట అందరూ చూసే పేజీకి వేర్వేరుగా అవును, కాదు అని టిక్ పెట్టించుకోండి. చాలామంది మొదటి రెండింటికీ ఒప్పుకుని మూడోదానికి వద్దంటారు, అది వాళ్ల హక్కు. ఫోటో తీసేముందు ఐడీ కార్డులు తీయించండి. ముఖాలే కావాలని లేదు. తంగేడు, గునుగు పేరుస్తున్న చేతులు తీసినా పండుగ కనబడుతుంది.

ఎవరైనా తీసేయమంటే వాదించకుండా వెంటనే తీసేయండి. వాట్సాప్‌లో అందరికీ కనబడకుండా డిలీట్ చేయడానికి రెండు రోజుల పైచిలుకు గడువే ఉంటుంది, ఈలోపు సేవ్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో అది అలాగే ఉండిపోతుంది.

పిల్లలు ఇన్‌స్టాలో ఫాలో అవుతున్నారు, మెసేజ్‌లు పెడుతున్నారు

మీ సొంత అకౌంట్ ప్రైవేటులో పెట్టుకుని, ఏ ఒక్కరి రిక్వెస్టూ తీసుకోకండి. కారణం క్లాసులోనే చెప్పేయండి, అప్పుడు ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఒక్క మినహాయింపు. అర్ధరాత్రి ఒక పిల్ల "టీచర్, నాకు ఇంట్లో భయంగా ఉంది" అని రాస్తే అది నిబంధన చూసుకునే సమయం కాదు. జవాబివ్వండి, ఆ మెసేజ్ చెరపకండి, హెచ్ఎంకి చెప్పండి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

పోస్టు పెట్టినందుకు మెమో వచ్చింది

"ఇది నా వ్యక్తిగత అభిప్రాయం" అని ప్రొఫైల్‌లో రాసుకున్నా కాపాడదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే కేసు పెట్టే వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. అది పోలీసు కేసుల సంగతి. ప్రభుత్వ టీచర్లకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, ప్రైవేటు బడిలో అపాయింట్‌మెంట్ లెటర్ షరతులు ఉంటాయి. స్టాఫ్ గ్రూపులో రాసింది బయటికి రాదనుకోవడం ఇంకో పొరపాటు, స్క్రీన్‌షాట్ తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దీనికి విరుగుడు నోరు మూసుకోవడం కాదు. పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం పిల్లలకు ఎందుకు ఎక్కడం లేదో ఉదాహరణలతో రాయండి. ఫలానా అధికారి ఇలాంటివాడు అని రాయకండి. మొదటిది పదిమంది టీచర్లకు పనికొస్తుంది. చానల్ మీద డబ్బు వచ్చే అవకాశం ఉంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది, కాబట్టి "ఆన్‌లైన్ బ్యాచ్, ఫీజు ఇంత" అనే పోస్టరు మీ మీద మీరే ఇచ్చుకున్న ఫిర్యాదు అవుతుంది.

తెలుగులో పెట్టిన నోట్సు పిచ్చి గుర్తుల్లా కనబడుతోంది

డీటీపీ సెంటర్‌లో ప్రశ్నపత్రం కొట్టించి, ఆ ఫైలు తెచ్చి బ్లాగులో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా వస్తాయి. ఫోన్ పాడవలేదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెడతాయి. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అడుగున ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి కనుక ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనబడుతుంది, గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, క్ష, విరామ చిహ్నాలు తప్పకుండా చూసుకోండి, తప్పులు ఎక్కువగా అక్కడే వస్తాయి. ఫైలు పోయి కాగితం మాత్రమే మిగిలితే, ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవండి, అచ్చు తెలుగును అది చాలావరకు చదువుతుంది. ఇకమీదట రాసేవన్నీ నేరుగా యూనికోడ్‌లోనే రాయండి.

యూట్యూబ్ పాఠానికి స్పందన లేదు, లేదా కాపీరైట్ నోటీసు వచ్చింది

కామెంట్లు రావడం లేదంటే ముందు "మేడ్ ఫర్ కిడ్స్" టిక్ చూడండి. అది పెట్టిన వీడియోలకు యూట్యూబ్ కామెంట్లు మూసేస్తుంది. చిన్నపిల్లల రైమ్స్‌కి ఆ టిక్ ఉండాలి, తోటి టీచర్ల కోసం చేసిన వీడియోకి అక్కర్లేదు.

వార్షికోత్సవం వీడియోలో సినిమా పాట ఉంటే వచ్చేది చాలాసార్లు క్లెయిమ్ (ఆ పాట మాదని హక్కుదారు చెప్పుకోవడం) మాత్రమే, దానితో చానల్ పోదు. స్ట్రైక్ (కాపీరైట్ ఉల్లంఘనకు యూట్యూబ్ ఇచ్చే హెచ్చరిక) అయితే వేరు, 90 రోజుల్లో మూడు వస్తే చానల్ మూతపడవచ్చు. బోధనలో భాగంగా తరగతిలో చేసే నకలుకు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. అదే గైడు పేజీలను లోకమంతా చూసేలా చానల్‌లో పెట్టడానికి దాన్ని అడ్డం పెట్టుకోకండి. టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్) పాఠం నచ్చితే దించి మళ్లీ ఎక్కించకుండా లింకు ఇవ్వండి.

మాట గుయ్‌మని వినబడుతుంటే ఖాళీ గది, పైన తిరిగే ఫ్యాను కారణం. ఫ్యాను ఆపి, కోఠిలో దొరికే ఒక మామూలు కాలర్ మైకు పెట్టుకుంటే చాలు, ఖరీదైన కెమెరా అవసరం లేదు.

మీ ఫోటోతో ఎవరో డబ్బు అడుగుతున్నారు

వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ (అదనపు పిన్) ఈరోజే పెట్టుకోండి. గ్రూపులో వెంటనే హెచ్చరిక పెట్టండి, నకిలీ అకౌంట్‌ని రిపోర్టు చేయించండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

బ్లాగు మూడు పోస్టులకే ఆగిపోయింది

అందరి కోసం రాయాలనుకోవడమే కారణం. "విద్యలో విలువలు" అని మొదలుపెడితే రెండో పేరాకి మాటలు అయిపోతాయి. ఒక్క టీచర్‌ని మనసులో పెట్టుకుని, ఈ వారం మీ క్లాసులో జరిగిన ఒక్క విషయం రాయండి.

ఏడో తరగతి పిల్లాడు 1/3కి 1/4 కలిపి 2/7 అని రాశాడనుకోండి. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడు. "తప్పు, కసాగు తీయి" అనేసి ముందుకు పోవచ్చు. లేదా 2/7 పెద్దదా, 1/3 పెద్దదా అని వాడినే అడగవచ్చు. వాడు లెక్కవేసి, కలిపాక ఉన్నదానికంటే తగ్గిందేమిటని బిత్తరపోతాడు. ఆ తర్వాత 7/12 దాకా వాడే వస్తాడు. ఈ ఒక్క సంఘటన, బోర్డు మీద రాసిందాని ఫోటో, వాడు ఏమన్నాడో రెండు మాటలు, పేరు లేకుండా. పోస్టు అయిపోయింది. శీర్షికలో తరగతి, పాఠం పేరు, పిల్లలు చేసే తప్పు ఉంటే ఇంకో ఊళ్లో అదే పాఠం చెప్పబోయే టీచర్ వెతికినప్పుడు దొరుకుతుంది. వాట్సాప్‌లో పెడితే వారానికే అడుగున పడిపోతుంది.

బ్లాగును బడి ఇచ్చిన మెయిల్‌తో తెరవకండి. ఉద్యోగం మారిన రోజున ఆ మెయిల్ పోతుంది, దానితో మీరు రాసిందంతా పోతుంది. సొంత మెయిల్‌తో తెరిచి, బ్లాగర్ సెట్టింగ్స్‌లో ఉండే బ్యాకప్‌ను వేసవి సెలవులకు ముందు ఒకసారి దించుకోండి.