గిటార్ పై ఫ్రెట్లలో శ్రుతి తప్పుతోందా? ఇంటొనేషన్ మీరే సరిచేసుకోండి

ఆరు తీగలూ ట్యూనర్‌తో శ్రుతి చేశారు. మొదటి మూడు ఫ్రెట్లలో కార్డులు (కలిపి మీటే స్వరాలు) చక్కగా పలుకుతున్నాయి. చెయ్యి పన్నెండో ఫ్రెట్ చేరేసరికి మాత్రం అపస్వరం. ఏ ఫ్రెట్ దగ్గర నొక్కినా స్వరం శ్రుతిలో పలకడమే ఇంటొనేషన్. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఈ లోపాన్ని ఇంట్లోనే సరిచేయవచ్చు. గిటార్ బాడీ మీద తీగలను మోసే భాగం బ్రిడ్జ్. దాని మీద తీగ ఆనుకునే చిన్న దిమ్మను శాడిల్ అంటారు. దాన్ని ముందుకో వెనక్కో జరపడమే పని. మంచి ట్యూనర్, మీ శాడిల్ మరకు సరిపోయే స్క్రూడ్రైవర్ లేదా అలెన్ కీ ఉంటే చాలు.

అయితే ఆ మర జోలికి అప్పుడే వెళ్లకండి. ముందు తీగలు మార్చండి. తుప్పు, చెమట పట్టిన తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు. దాన్ని నమ్మి శాడిల్ జరిపితే శ్రమ వృథా. నేను పాత తీగలతోనే ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టి, కొత్తవి వేశాక పనంతా మొదటినుంచి చేశాను. మీరు ఎప్పుడూ వాయించే మందం తీగలే వేసి, చేత్తో కాస్త లాగి సాగనిచ్చి, మళ్లీ శ్రుతి చేయండి.

తర్వాత మెడ వంపు చూడండి. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ బాడీని కలిసేచోట ఒకేసారి నొక్కిపట్టండి. ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సుమారు పావు మిల్లీమీటరు సందు ఉంటే బాగున్నట్టే. తేడా ఎక్కువైతే, మెడ లోపల వంపును సరిచేసే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను ఒకసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పండి. తీగల ఎత్తు కూడా ఇప్పుడే తేల్చుకోండి. అది తర్వాత మారిస్తే ఇంటొనేషన్ కూడా మారిపోతుంది.

ఇక అసలు పని. గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టకుండా, వాయించేటప్పటిలాగే పట్టుకోండి. తీగను నొక్కకుండా మీటి, ట్యూనర్ ముల్లు నడిమికి వచ్చేలా శ్రుతి చేయండి. అదే తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర మీ మామూలు బలంతో నొక్కి మీటండి. శ్రుతి ఎక్కువ చూపితే శాడిల్‌ను మెడకు దూరంగా, తక్కువ చూపితే మెడ వైపు జరపండి. జరిపే ముందు తీగను వదులు చేయండి, లేకపోతే మర గాడి చెడిపోతుంది. జరిపిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ పోల్చండి. తేడా రెండు సెంట్లలోపుకు వస్తే నేను ఆపేస్తాను. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు.

తీగను నొక్కగానే బిగుతు కొద్దిగా పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. ఆ పెరుగుదలకు సరిపోయేలా శాడిల్ కాస్త వెనక ఉండాలి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ మోగే పొడవు లెక్క ప్రకారం 648 మిల్లీమీటర్లు. నట్ (మెడ పై చివర తీగలు ఆనుకునే గాడుల పట్టీ) నుంచి శాడిల్ దాకా టేపు పెడితే అంతకంటే కొంచెం ఎక్కువే వస్తుంది, కంగారు పడకండి. శాడిళ్లన్నీ ఒకే వరుసలో ఉండవు. వాటిని చూడచక్కగా ఒక గీతలో పెట్టేసిన గిటార్ ఎప్పటికీ శ్రుతిలో పలకదు.

శాడిల్ చివరిదాకా వెళ్లినా శ్రుతి ఇంకా ఎక్కువే ఉంటే, మర మీది స్ప్రింగు అడ్డుపడుతోందేమో చూసి పొట్టిది వేయండి. లావు తీగలు పై ఫ్రెట్లలో వణుకుతున్నట్టు వినిపిస్తే పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను పట్టుకునే భాగం) అయస్కాంతం లాగుతోందని అర్థం. పికప్‌ను కిందికి దించండి. మొదటి రెండు ఫ్రెట్లలో మాత్రమే శ్రుతి ఎక్కువైతే శాడిల్‌ది తప్పు కాదు, నట్ గాడులు లోతు చాలలేదు. ఆకురాయితో ఒకసారి ఎక్కువ అరగదీస్తే నట్ మార్చాల్సిందే కనుక, ఆ ఒక్క పనీ నేను మరమ్మతు చేసేవారికే వదిలేస్తాను.