రిమోట్ ట్రాక్టరుకు ఇంజన్ సప్పుడు – మూడో పాఠం: స్పీకరు డబ్బా, వైరింగు, న్యూట్రల్

మొదటి రెండు పాఠాలు చదివినవాళ్ల దగ్గర ఈపాటికి 1/10 సైజు ట్రాక్టరు, బ్రష్ మోటరు, దాని వేగం పెంచుతూ తగ్గిస్తూ ముందుకూ వెనక్కూ నడిపే ఈఎస్‌సీ, 2ఎస్ (రెండు సెల్‌ల) లైపో బ్యాటరీ ఉండాలి. సౌండ్ మాడ్యూలు రెడీమేడ్‌ది అయినా సరే, ఈఎస్‌పీ32 బోర్డుకు ప్యామ్8403 యాంప్లిఫయరు కలిపి సొంతంగా చేసుకున్నదైనా సరే. స్పీకరు 40 మి.మీ., 4 ఓములు, 3 వాట్లు.

సప్పుడు పేలవంగా ఉందనిపించగానే చాలామంది ఇంకో ఖరీదైన మాడ్యూలు కొంటారు. డబ్బులు దండగ. పదింట తొమ్మిదిసార్లు లోపం మాడ్యూలులో ఉండదు. స్పీకరుకు డబ్బా ఉండదు, లేదా థ్రాటిల్ న్యూట్రల్ (స్టిక్కు వదిలినప్పటి సున్నా) కుదరదు. ఈ పాఠమంతా ఆ రెండింటి గురించే. నడుమ కరెంటు సంగతి.

డబ్బా ఎందుకు

స్పీకరు పొర ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఊరికే వదిలేసిన స్పీకరులో ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముఖ్యంగా బరువైన సప్పుడు పోయి కీచు మాత్రం మిగులుతుంది. వెనక భాగాన్ని గాలి బయటికి రాకుండా మూసేస్తే అదే స్పీకరు, అదే మాడ్యూలు, వేరే బండిలా వినిపిస్తాయి. అనుమానం ఉంటే ఇప్పుడే చూడండి: స్పీకరు మోగుతుండగా దాని అంచును ఒక ఖాళీ స్టీలు గ్లాసు మూతికి గట్టిగా ఆనించి పట్టండి.

40 మి.మీ. స్పీకరుకు 50 మి.లీ. దగ్గర గాలి చాలు. దీనికి అగ్గువ సామాను పొలాలకు వాడే 50 మి.మీ. పీవీసీ పైపు. బోరున్న ఇంట్లో ముక్క ఎక్కడో పడే ఉంటుంది. లోపలి వ్యాసం 46 మి.మీ. అనుకుంటే 3 సెం.మీ. పొడవు ముక్కలో దాదాపు 50 మి.లీ. పడుతుంది. గోడ మందం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ముక్క కోశాక ఒకవైపు ప్లాస్టిక్ కవరు గట్టిగా కట్టి, సిరంజితో నీళ్లు పోసి కొలుచుకోండి. 40 నుంచి 60 మి.లీ. మధ్య ఎంత ఉన్నా ఫరవాలేదు. బానెట్ కింద అంత జాగా లేని చిన్న మోడల్‌కు 28 మి.మీ. స్పీకరు, 20 మి.లీ. పైచిలుకు డబ్బా పెట్టుకోవచ్చు. సప్పుడులో బరువు తగ్గుతుంది, అంతే.

పైపును ఆక్సా బ్లేడుతో కోసి, చదునైన బండ మీద సాండ్ పేపరు పరిచి రెండు అంచులూ రుద్దండి. అంచు వంకరుంటే అక్కడినుంచే గాలి పోతుంది. ఒకవైపు ఎండ్ క్యాప్‌ను పీవీసీ సొల్యూషన్‌తో అతికించండి. రెండోవైపుకు 3 మి.మీ. అక్రిలిక్ షీటులో 50 మి.మీ. గుండ్రటి బిళ్ల కోసి, నడుమ 36 మి.మీ. రంధ్రం చేసి, స్పీకరును దానికి అరల్డైట్‌తో అంటించండి. పీవీసీ సొల్యూషన్ అక్రిలిక్‌కు సరిగా పట్టదు. అందుకే బిళ్లను పైపుకు అతికించేటప్పుడు కూడా అరల్డైటే వాడాలి. జిగురు స్పీకరు అంచు రబ్బరుకు తగిలిందంటే పొర కదలదు, ఆ స్పీకరు ఇక పనికిరాదు.

హాట్ గ్లూ వద్దు. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలకు వస్తుంది. నల్ల బానెట్ కింద, పైగా మోటరు పక్కన, వేడి ఇంకా ఎక్కువ. గ్లూ మెత్తబడి స్పీకరు జారుతుంది. సిలికాన్ వాడదలిస్తే వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోకండి, ఆ ఆవిరికి రాగి తీగలు చిలుము పడతాయి.

వైర్లు బయటికి తీసే రంధ్రాన్నీ అరల్డైట్‌తో పూడ్చండి. మర్నాటిదాకా ఆరనిచ్చి పరీక్ష చేయండి: రెండు వేళ్లతో పొరను రెండు పక్కలా సమానంగా, మెల్లగా నొక్కి వదలాలి.   అతుకులకు సబ్బు నురగ రాసి మళ్లీ నొక్కితే గాలి పోయే చోట బుడగ లేస్తుంది. నురగ పొర మీద పడనీయకండి.

స్పీకరు ముఖం కిందికి, ముందు ఇరుసు వైపు ఉండేట్టు బిగించండి. నేలకు తగిలి వచ్చే సప్పుడు బండి కిందినుంచి వచ్చినట్టే ఉంటుంది. స్పీకరు ముఖానికి దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టడం మాత్రం మరవద్దు. వాగు ఇసుకలో, మన చల్కా నేలల దుమ్ములో నల్లటి ఇనుప రజను ఉంటుంది. స్పీకరు అయస్కాంతం దాన్ని గుంజుకుంటుంది. ఒకసారి కాయిల్ సందులో చేరిందంటే ఐడ్లింగులో గరగరమని రాపిడి మొదలవుతుంది, తీయడం కుదరని పని.

కరెంటు

మాడ్యూలుకు కరెంటు ఈఎస్‌సీలోని బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని రిసీవరుకు తగ్గట్టు దించే భాగం) నుంచే వస్తుంది. కలిపే ముందు మల్టీమీటరుతో రిసీవరు దగ్గర ఎర్ర, నల్ల వైర్ల మధ్య కొలవండి. ప్యామ్8403 పనిచేసే హద్దు 5.5 వోల్టులు. కొన్ని ఈఎస్‌సీలు 6 వోల్టులిస్తాయి, కొన్నిటికి 7.4కు మార్చే జంపరు (పిన్నుల మీద గుచ్చే చిన్న బిళ్ల) కూడా ఉంటుంది. 6 చూపిస్తే యాంప్లిఫయరుకు వెళ్లే ఎర్రవైరు మధ్యలో 1ఎన్5408 డయోడు ఒకటి పెట్టండి. గీత ఉన్న కొస యాంప్లిఫయరు వైపు ఉండాలి. కరెంటు లాగినప్పుడు 0.7 వోల్టుల దాకా అక్కడ తగ్గుతుంది. 7.4 అయితే డయోడుతో సరిపెట్టుకోవద్దు, జంపరు మార్చండి.

ఇక ఈ ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది: స్టీరింగు తిప్పినప్పుడల్లా ఇంజన్ ఆగి మళ్లీ సెల్ఫ్ కొట్టినట్టు మోగుతుంది. మాడ్యూలు పాడవలేదు. స్టీరింగు తిప్పే సర్వో మోటరు బలంగా తిరిగేటప్పుడు కరెంటు గుంజుతుంది, వోల్టేజీ ఒక క్షణం పడిపోతుంది, మాడ్యూలు రీసెట్ అయ్యి స్టార్టింగ్ సౌండు మొదటినుంచి వేస్తుంది. మాడ్యూలు ప్లస్, మైనస్ పిన్నుల దగ్గరే 1000 మైక్రోఫారడ్, 10 వోల్టు కెపాసిటరు కలపండి. గీత ఉన్న కాలు మైనస్‌కు. తిరగేస్తే ఉబ్బి పేలుతుంది.

అప్పటికీ ఆగకపోతే బీఈసీ చాలడం లేదని అర్థం. లీనియర్ రకం బీఈసీ నిండు బ్యాటరీ 8.4 వోల్టులను 5కు దించేటప్పుడు, 1 ఆంపియరుకు 3.4 వాట్లు ఉత్త వేడి కింద పోతాయి. ఎండాకాలం అది కాలి తనంతట తానే ఆగుతుంది. 5 వోల్టుల, 3 ఆంపియర్ల యూబీఈసీ విడిగా పెట్టుకోండి. పెట్టినప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవరుకు వచ్చే ఎర్రవైరు పిన్ను ఊడదీసి టేపు చుట్టాలి, రెండు బీఈసీలు ఒకే లైనులో ఉండకూడదు. నల్లవైరు మాత్రం అన్నిటికీ ఉమ్మడిగా ఉండి తీరాలి. అది తెగితే సిగ్నలు ఉన్నా మాడ్యూలుకు అర్థం కాదు.

వైరింగు

బ్యాటరీ తీసేసి చేసే పని ఇది. రిసీవరు థ్రాటిల్ చానల్లో వై-వైరు గుచ్చండి. ఒక కొస ఈఎస్‌సీకి, ఇంకో కొస మాడ్యూలుకు. తెలుపు, పసుపు, నారింజ ఏ రంగైనా అది సిగ్నలు. నలుపు లేదా గోధుమ రంగు మైనస్.

ఈఎస్‌పీ32 వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. దాని పిన్నులు 3.3 వోల్టులే ఓర్చుకుంటాయి. ఫ్లైస్కై రిసీవర్లలో చాలావాటి సిగ్నలు 3.3 వోల్టులే, కానీ వేరే రిసీవరు 5 ఇవ్వొచ్చు. తెలియకపోతే సిగ్నలు వైరులో 10 కిలో ఓముల రెసిస్టరు, ఆ తర్వాత పిన్ను నుంచి మైనస్‌కు 20 కిలో ఓముల రెసిస్టరు పెట్టండి. 5 వోల్టులు వచ్చినా 3.3కు దిగుతుంది. సౌండు 25, 26 పిన్నుల నుంచి వస్తుంది. వాటిని చెరో 10 కిలో ఓముల రెసిస్టరుతో కలిపి, 10 కిలో ఓముల వాల్యూమ్ పాట్ ద్వారా యాంప్లిఫయరు ఇన్‌పుట్‌కు ఇవ్వాలి.

ప్యామ్8403లో స్పీకరు రెండు వైర్లూ యాంప్లిఫయరే నడుపుతుంది, అందులో మైనస్ అనేది లేదు. స్పీకరు వైరును బండి నల్లవైరుకు కలిపితే చిప్పు కాలుతుంది. అలాగే రెండు 4 ఓముల స్పీకర్లను పక్కపక్కన ఒకే చానల్‌కు కలపొద్దు, 2 ఓములకు పడిపోతుంది. రెండు కావాలంటే ఒక్కో చానల్‌కు ఒక్కోటి.

బ్రష్ మోటరు తిరిగినప్పుడే స్పీకరులో జుయ్యిమని వస్తే అది బ్రష్షుల నిప్పురవ్వల గోల. 104 నంబరు సిరామిక్ కెపాసిటర్లు మూడు టంకం వేయండి: రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటరు డొక్కుకు ఒక్కోటి. డొక్కును సాండ్ పేపరుతో గీకకపోతే టంకం పట్టదు. మోటరు వైర్లను మెలిపెట్టండి, స్పీకరు వైర్లనూ మెలిపెట్టండి, రెండు జతలనూ ఒకే దారిలో పోనీయకండి.

న్యూట్రల్

రిసీవరు పంపే పల్సు 1500 మైక్రోసెకన్ల దగ్గర ఉంటే నిలకడ, 2000 నిండు ముందుకు, 1000 నిండు వెనక్కి. ఈఎస్‌సీ, మాడ్యూలు రెండూ ఇదే పల్సును చదువుతాయి, కానీ ఎవరి సున్నా వారిది. రెండు సున్నాలు కలవకపోతే బండి నిలబడ్డా ఇంజన్ రేజ్ అవుతుంది, లేదా ఐడ్లింగు మీదనే బండి పాకుతుంది.

బండిని ఇటుక మీద ఎక్కించి చక్రాలు గాలిలో ఉంచండి. ట్రాన్స్‌మిటర్లో న్యూట్రల్‌ను అటూఇటూ జరిపే థ్రాటిల్ ట్రిమ్, సబ్‌ట్రిమ్ సున్నా, ఎండ్ పాయింట్లు (స్టిక్కు చివరి హద్దులు) రెండువైపులా 100. ట్రాన్స్‌మిటరు ముందు ఆన్ చేయాలి, బండి తర్వాత. ఆపేటప్పుడు బండి ముందు. మొదట ఈఎస్‌సీ క్యాలిబ్రేషన్ (సున్నా, రెండు చివరలు దానికి నేర్పడం), ఆ తర్వాతే మాడ్యూలుది. ఆ పని అయ్యాక ట్రిమ్ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే రెండూ మళ్లీ చేయాలి.

ట్రాక్టరుకు బ్రేకు-రివర్స్ పద్ధతి సరిపడదు. స్టిక్కు వెనక్కి లాగితే బండి బ్రేకు వేస్తుంది, మాడ్యూలేమో రివర్సు అనుకుని రేజ్ చేస్తుంది. నేరుగా ముందుకు-వెనక్కి మోడ్ పెట్టండి. హాబీవింగ్ క్విక్‌రన్ 1060లో దానికి ఒక జంపరు ఉంది, బ్యాటరీ రకానికి ఇంకోటి. రెండోది లైపో మీదే ఉండాలి.

మాడ్యూలు డెడ్‌బ్యాండ్ (సున్నా చుట్టూ పల్సు కాస్త మారినా పట్టించుకోని హద్దు) 30 మైక్రోసెకన్లతో మొదలుపెట్టండి. చక్రం కదిలాక సప్పుడు లేస్తుంటే తగ్గించండి. చేయి తీసినా ఇంజన్ ఊగిసలాడుతుంటే పెంచండి. అసలు ట్రాక్టరులో ముందు రేజ్ వినబడి, తర్వాత బండి కదులుతుంది. వై-వైరుతో అది పూర్తిగా రాదు. థ్రాటిల్ మాడ్యూలులోకి వెళ్లి, మాడ్యూలు నుంచి ఈఎస్‌సీకి వచ్చే రకమైతేనే ఆ ఆలస్యం సెట్ చేయగలం. ఆ సౌకర్యం ఉన్నవాళ్లు తప్పక వాడుకోండి, దాని ముందు మిగతా సెట్టింగులన్నీ చిన్నవే.

పిచ్ దగ్గర చాలామంది తప్పుతారు. ట్రాక్టరు ఐడ్లింగు 800 ఆర్‌పీఎం, పైహద్దు 2000 దగ్గర అనుకుందాం. అంటే రెండున్నర రెట్లే. గరిష్ఠ పిచ్ 250 శాతం దాటించారా, ట్రాక్టరు కాస్తా లూనా అవుతుంది. ఇంకో లెక్క: మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 800 దగ్గర సెకనుకు 20 సార్లు మండుతుంది. 20 హెర్ట్జ్ ఈ చిన్న స్పీకరు పలికించలేదు. పై హార్మోనిక్స్ (దానికి రెట్టింపు, మూడింతలుగా ఉండే స్వరాలు) విని చెవే దాన్ని పూరించుకుంటుంది. కనుక బేస్ పెంచి లాభం లేదు, పొర కొట్టుకుని సప్పుడు చీలుతుంది. 200 హెర్ట్జ్ కిందిదంతా కోసేసి వాల్యూమ్ పెంచండి, ఇంకా బరువుగా వినిపిస్తుంది.

చివరగా ఫెయిల్‌సేఫ్. అంటే సిగ్నలు పోతే రిసీవరు తనంతట తాను చేసే పని. చక్రాలు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటరు ఆపండి. మోటరు ఆగి, సప్పుడు ఐడ్లింగుకు దిగాలి. అలా జరగకపోతే రిసీవరులో థ్రాటిల్ ఫెయిల్‌సేఫ్‌ను న్యూట్రల్‌కు పెట్టేదాకా బండిని కింద దించకండి. కాల్వ కట్ట మీద అయితే అసలే వద్దు.

బండి నిలబెట్టి ఐడ్లింగు వింటూ ముచ్చట్లలో పడితే బ్యాటరీ పోతుంది. ఈఎస్‌సీ కటాఫ్ ఆపేది మోటరును మాత్రమే, బీఈసీ కరెంటు తాగుతూనే ఉంటుంది. సెల్ 3 వోల్టుల కిందికి దిగితే లైపో ఉబ్బుతుంది. కూతపెట్టే వోల్టేజీ అలారం బ్యాలెన్స్ ప్లగ్గుకు గుచ్చి, సెల్‌కు 3.5 దగ్గర సెట్ చేయండి.

నాలుగో పాఠంలో మన ఊరి ట్రాక్టరు సప్పుడే మాడ్యూలులోకి ఎక్కిద్దాం. ఆలోపు రికార్డింగు చేసి పెట్టుకోండి: పొద్దున్నే గాలి లేనప్పుడు, ఇంజన్ వేడెక్కాక, సైలెన్సరుకు పక్కగా మీటరు దూరంలో ఫోను పట్టుకుని, యాక్సిలరేటరు ముట్టకుండా 20 సెకన్ల ఐడ్లింగు. సెల్ఫ్ కొట్టి స్టార్ట్ చేసింది, బంద్ చేసింది, హారన్ కొట్టింది విడివిడి ఫైళ్లు. మైకు పగిలినట్టు వినిపిస్తే ఇంకో మీటరు వెనక్కి జరిగి మళ్లీ తీయండి. పాటలు పెట్టుకునే ట్రాక్టరైతే ముందు ఆ బాక్సులు ఆపించండి.