ఆన్‌లైన్ పరీక్షలో కాపీ ఆగాలంటే ముందు ప్రశ్న మారాలి

నేను దేవరకొండ వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు పదో తరగతికి ఫోన్‌లో పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. బడి తెరిచాక కూడా ఆదివారం స్లిప్ టెస్టు మాత్రం ఫోన్‌లోనే ఉంచాను. కొత్తగా ఇలాంటి పరీక్ష పెట్టాలనుకునే టీచర్ల కోసం నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

ముందు టైము చూసుకోవాలి. మా దగ్గర చాలా ఇళ్లలో ఒక్కటే ఫోన్. పత్తి ఏరే రోజుల్లో పొద్దున పది గంటలకు పరీక్ష పెడితే "బాపు ఫోన్ తీస్కపోయిండు సార్" అనే మాటే వినిపిస్తుంది. అందుకే రాత్రి ఏడున్నరకు పెడతాను, నలభై నిమిషాలు. నెట్ పోయిందన్నవాళ్లను గుచ్చి గుచ్చి అడగను. వాళ్లకు మర్నాడు రెండో సెట్ ఇస్తాను. రెండో సెట్ ముందే తయారుగా ఉంటే నిజంగా నెట్ పోయిందా, అబద్ధమా అనే గొడవే ఉండదు.

కెమెరా ఆన్ చేయమని అడగను. పరీక్ష రాసేది ఆ ఫోన్‌లోనే కాబట్టి, పక్కన ఎవరు కూర్చుని చెప్తున్నారో ఆ కెమెరాకు కనపడదు. డేటా అయిపోతుంది. ఒకే గది ఇంట్లో అమ్మ వంట చేస్తూ ఉంటుంది, తాత మంచం మీద పడుకుని ఉంటాడు. అదంతా తోటి పిల్లలకు చూపించమని ఒక ఆడపిల్లను బలవంతపెట్టడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న కాలేజీవాళ్లు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ వాడుకోవచ్చు. అది ఉచితం. పరీక్ష అయ్యేదాకా వేరే విండో తెరవనివ్వదు, ఆన్‌లైన్ క్లాసులు, పరీక్షలు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేస్తుంది. కానీ అది విండోస్, మ్యాక్, ఐప్యాడ్, ఐఫోన్‌ల మీదే నడుస్తుంది. మా పిల్లల చేతిలో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు.

కాబట్టి మనకు మిగిలింది గూగుల్ ఫామ్. సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చండి. మార్కులు వెంటనే చూపించే ఆప్షన్ తీసేసి, మీరు దిద్దాక విడుదలయ్యేలా పెట్టండి. లేకపోతే మొదట రాసినవాడికి కరెక్ట్ జవాబులు కనపడతాయి, ఐదు నిమిషాల్లో అవి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస రెండూ షఫుల్ చేయండి. షఫుల్ పెట్టినప్పుడు "పైవన్నీ" అనే ఆప్షన్ పనికిరాదు, అది ఎక్కడికైనా ఎగిరిపోతుంది. "పై పటం చూసి" అని కూడా రాయకండి, పటాన్ని ఆ ప్రశ్నలోనే పెట్టండి. ఒక్కరు ఒక్కసారే పంపాలనే నిబంధన పెడితే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. మా తండాలో ఇద్దరు క్లాస్‌మేట్లు ఒకే ఫోన్‌లో రాస్తారు, రెండోవాళ్లు ఆగిపోతారు. అందుకని నేను ఆ నిబంధన పెట్టను. రోల్ నంబర్ తప్పనిసరిగా అడిగి, రెండుసార్లు వచ్చినవి జవాబులన్నీ చేరే గూగుల్ షీట్‌లో చూసుకుంటాను.

ఇవన్నీ కాపీని కాస్త ఆలస్యం చేస్తాయి, అంతే. ఇప్పుడు ప్రశ్నను ఫోటో తీస్తే చాలు, ఫోనే మెట్లతో సహా జవాబు చెప్పేస్తుంది. అందుకే నా శ్రమంతా ప్రశ్న తయారు చేయడం మీదే పెడతాను.

ఒక లెక్క చూపిస్తాను. "మీ రోల్ నంబర్‌ను ఎన్ అనుకోండి. 5 హెచ్‌పీ బోరు మోటారు రోజుకు 6 గంటల చొప్పున ఎన్ రోజులు నడిస్తే ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుంది?" ఒక హెచ్‌పీ 746 వాట్లు కాబట్టి ఐదుకు 3.73 కిలోవాట్లు, ఆరు గంటలకు 22.38 యూనిట్లు. షీట్‌లో 22.38ని రోల్ నంబర్‌తో గుణించే సూత్రం పెడితే 38 మందికి 38 జవాబులు వచ్చేస్తాయి. దిద్దడం నిమిషం పని. యూనిట్లే అడగండి. వ్యవసాయ మోటార్లకు ఉచిత కరెంటు కాబట్టి బిల్లు ఎంత అని అడిగితే పిల్లలు తికమకపడతారు.

ఈ లెక్క మొదటిసారి ఇచ్చినప్పుడు ఏడుగురు 313.32 అని రాశారు. అది పద్నాలుగో నంబర్ అమ్మాయి జవాబు. నాకు కోపం వచ్చింది. మర్నాడు గ్రూప్ కాల్‌లో అందరి ముందూ "నువ్వెందుకు పంపినవమ్మా?" అని గట్టిగా అడిగాను. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులు క్లాసుకు రాలేదు. తర్వాత తెలిసింది, ఆమె పక్కింటివాళ్ల ఫోన్‌లో రాసిందట. ఆ ఇంటి అబ్బాయి ఆమె నోటుబుక్కును ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. జవాబు ఎక్కడ పుట్టిందో ఆ అంకె చెప్పింది గానీ, ఎవరు మోసుకెళ్లారో చెప్పలేదు. నేను ఆమెకు విడిగా ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. గ్రూప్ కాల్‌లో కూడా చెప్పాను, ఎందుకంటే తిట్టింది అక్కడే. మీకు ఒకే జవాబు నలుగురి దగ్గర కనిపిస్తే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. గ్రూపులో మాత్రం పేరు ఎత్తకండి.

ఇంకో రకం ప్రశ్న ఇంట్లోంచి వచ్చేది. శనివారం సాయంత్రం ఆరింటికి ఇంటి కరెంటు మీటర్ రీడింగ్ రాసుకోవాలి, ఆదివారం ఆరింటికి మళ్లీ రాసుకోవాలి. తేడా ఎంత, ఆ తేడాకు ఇంట్లో ఏయే వస్తువులు ఎంతసేపు నడిచి ఉంటాయో అంచనా వేయాలి. మీటర్ అంకెల ఫోటో చాలు, సర్వీస్ నంబర్ కనపడొద్దని చెప్తాను. పొలం దగ్గర స్టార్టర్ డబ్బా జోలికి వెళ్లొద్దని ప్రతిసారీ రాస్తాను, మీరు కూడా తప్పకుండా రాయండి. ఒకసారి ఒక అబ్బాయి "మా ఇంట్ల టీవీ ఖరాబైంది సార్, అందుకే తక్కువ కాలింది" అని రాశాడు. ఆ వాక్యం ఏ ఫోనూ రాసివ్వదు.

చివరిది ఫోన్ వైవా, అంటే ఫోన్ చేసి నోటితో ప్రశ్నలు అడగడం, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. 25 మార్కుల్లో ఫామ్‌కు 15, చేత్తో రాసి పంపిన లెక్కకు 5, వైవాకు 5. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, 38 మందికి రెండు గంటలు కూడా పట్టదు, రెండు సాయంత్రాలకు పంచుకుంటాను. వాళ్లు రాసిన జవాబులోంచే అడుగుతాను. "746ను 5తో ఎందుకు గుణించినవ్? మోటారు 3 హెచ్‌పీదైతే జవాబు పెరుగుతదా, తగ్గుతదా?" సొంతంగా చేసిన పిల్ల లెక్క తప్పు చేసినా ఏదో ఒక దారి చెప్తుంది. చూసి రాసినవాళ్లు జవాబు అంకె దగ్గరే ఆగిపోతారు. అందరికీ చేయండి, అనుమానం ఉన్నవాళ్లకే చేస్తే అదే శిక్ష అయిపోతుంది.

చూసి రాశారని తేలితే ఆ ఒక్క ప్రశ్నకే సున్నా వేస్తాను. సోమవారం మధ్యాహ్నం భోజనం తర్వాత స్టాఫ్ రూమ్ వరండాలో కూర్చోబెట్టి, మోటారు 3 హెచ్‌పీ, రోజుకు 8 గంటలు అని మార్చి, అదే లెక్క కాగితం మీద మళ్లీ చేయిస్తాను. కరెక్టుగా చేస్తే ఆ మార్కులు తిరిగి ఇచ్చేస్తాను.